సముద్రం లేని ఇసుక

బైరాగి ఉద్యోగం ఇంకా నలభై రోజులుందనగా సాహాదా అతన్ని పిలిచి ఎదురుగా కుర్చీ చూపించాడు. ముప్పై రెండేళ్ల సర్వీసులో ఆ గుమాస్తా బల్ల ముందు బైరాగి కూర్చోవడం అదే మొదటిసారి. కూర్చున్నాడన్న మాటే గానీ, కుర్చీ అంచున ఆనుకున్నాడంతే.

"నీ ఎల్‌టీసీ సెలవు ప్రయాణం ఒకటి మిగిలిపోయింది బైరాగీ. ఎప్పుడిచ్చినా శ్రీకాకుళమే రాశావు. ఈసారి రిటైరయ్యేలోపు వాడకపోతే పోయినట్టే. దేశంలో ఎక్కడికైనా పో, మా బౌదిని, అదే వదినని, తీసుకుపో. పూరీ రాయనా? డార్జిలింగా?" అన్నాడు సాహాదా బెంగాలీలో.

బైరాగి కిటికీలోంచి బయటికి చూశాడు. సాల్ట్ లేక్ మేడల మధ్య ఎవరో బాల్కనీలో దుప్పటి ఆరేస్తున్నారు. ఆ మేడ కింద ఏ నంబరు హద్దురాయి ఉండేదో అతనికి ఇప్పటికీ గుర్తే.

"జైసల్మేర్ అని రాయి దాదా," అన్నాడు.

సాహాదా కలం ఆగిపోయింది. ఆ తర్వాత ముఖం విచ్చుకుంది. ప్రయాణం ఊసెత్తితే ఆ ఆఫీసులో మిగతా పనులన్నీ ఆగిపోతాయి. పక్క బల్లల వాళ్లు లేచి వచ్చారు. ఒకడు కోతిటోపీ మరిచిపోవద్దన్నాడు. ఇంకొకడు హౌరాలో బండెక్కే ముందే మరమరాలు కట్టించుకోమన్నాడు. మూడోవాడు అక్కడి నీళ్లు పడవని, మాత్రల పేర్లు కాగితం మీద రాసిచ్చాడు. అతను జోధ్‌పూర్ కూడా చూసినవాడు కాదు.

"అయితే ఈసారి బౌది ఎడారిలో సముద్రం వెతుకుతుందన్నమాట!" అన్నాడు సాహాదా.

గది గదంతా నవ్వింది. బైరాగి కూడా నవ్వాడు. ఆ కథ అక్కడ తెలియనివాళ్లు లేరు. చెప్పింది అతనే.

సాహాదా దరఖాస్తు చేతికిచ్చి, భార్య సంతకం చేయించి సోమవారానికల్లా తెమ్మన్నాడు. మంగళవారం దాటితే టికెట్లు దొరకవు. బైరాగి కాగితాన్ని చొక్కా లోపల పెట్టుకుని ఇంటికొచ్చాడు. నరసమ్మ గుమ్మంలో కూర్చుని బియ్యం ఏరుతోంది.

"ఎడారికి ఎల్దుమా?" అన్నాడు.

నరసమ్మ తల ఎత్తలేదు. "నానొల్లను."

"ఏటే? హాల్దార్ బాబు ఇచ్చిన పుస్తకంలో సూసినావు కదా. ఎన్నిసార్లు సూసినావు!"

"సూసినాను. ఎల్లను. నువ్వెల్లు."

ఎందుకని అడిగాడు. ఆమె బియ్యంలోంచి ఒక రాయి తీసి దూరంగా విసిరింది. నరసమ్మ మోకాళ్లు అప్పటికే ఒకసారి మొరాయించాయి. ఇంకో రెండేళ్లు ఆగితే మెట్లే ఎక్కలేదు, ఇసుక దిబ్బలేం ఎక్కుతుంది? ఇప్పుడు పోతేనే పోయినట్టు. ఆమె రాకపోతే ఒంటరిగా వెళ్లి చూసేదేమిటో అతనికి అర్థం కాలేదు.

ఇంతకీ సముద్రం కథ చెప్పాలి.

డెబ్బై తొమ్మిదిలో సాల్ట్ లేక్ ఇప్పటి సాల్ట్ లేక్ కాదు. హుగ్లీ అడుగున ఉన్న ఇసుకను నీళ్లతో కలిపి గొట్టాల్లో తెచ్చి ఉప్పుచెరువుల్ని పూడ్చారు. నీళ్లు ఇంకిపోయాయి, ఇసుక మిగిలింది. ఇక్కడో ఇల్లు, అక్కడో ఇల్లు తప్ప తూర్పున చూపు ఆనినంత మేరా అదే. చెట్టు లేదు. చైత్రంలో గాలి లేస్తే అన్నం కంచంలో, తలగుడ్డ మడతల్లో, మూసి ఉంచిన పెట్టెలో కూడా ఇసుకే. నెమ్మదిగా ఉన్న రోజున మాత్రం దాని అందం చెప్పలేం. అభ్రకం కలిసిన ఇసుక కావడంతో పొద్దు వాలేసరికి నేలంతా సన్నగా మెరిసేది.

ఆ ఇసుకలో హద్దురాళ్లు కాయడం బైరాగి పని. ప్రతి స్థలానికీ నాలుగు మూలలా జానెడేసి సిమెంటు రాళ్లు పాతి, నెత్తిన నంబర్లు వేశారు. గాలి వాటిని కప్పేస్తూ ఉండేది. బైరాగి పొద్దున్నే ఇనపచువ్వ, చీపురు పట్టుకుని బయల్దేరేవాడు. చువ్వతో పొడిచి రాయిని పట్టుకుని, నెత్తి తుడిచి, తర్వాతి రాయికి పోయేవాడు. చివరి రాయి తుడిచేసరికి మొదటి రాయి మళ్లీ మునిగి ఉండేది. రాళ్లు పక్కకు జరిపే దొంగలు కూడా ఉండేవాళ్లు. అందుకని ఇసుకలో కొత్త అడుగు కనిపిస్తే అది ఎటు నుంచి వచ్చి ఎటు పోయిందో చూసి రావాలి. పనిలో చేరిన రోజే ఓవర్సీరు చెప్పాడు: "అడుగు మీద అడుగు వెయ్యకు. పక్కన నడు. చెరిపితే సాక్ష్యం పోతుంది." ఆ మాట బైరాగి కాళ్లలో ఇంకిపోయింది. ఇప్పటికీ వానాకాలం బురద దారిలో ముందెవరైనా నడిచి ఉంటే, వాళ్ల అడుగులు తప్పించుకునే నడుస్తాడు.

అతను ఖిదిర్‌పూర్‌లో ఓడలు ఆగే డాకు పక్కన కూలీల లైన్లలో పుట్టి పెరిగాడు. ఓడల్ని చూశాడు గానీ సముద్రాన్ని రెండుసార్లే చూశాడు. ఆ రెండోసారి, శ్రీకాకుళం వైపు భావనపాడు రేవులో నరసమ్మ మెడలో పుస్తె కట్టినప్పుడు. పద్దెనిమిదేళ్ల పిల్లని రైలెక్కించి తెచ్చి, ఆ ఇసుక నడుమ రేకుల షెడ్డులో దింపాడు. మైలు దూరాన గొట్టపుబావి. పలకరించే మనిషి లేదు.

వచ్చిన మూడో నెలలో ఒకనాడు అతను పని నుంచి వచ్చేసరికి షెడ్డులో మనిషి లేదు. గుమ్మం ముందు నుంచి తూర్పుగా ఒంటి అడుగుల వరస. దాన్ని పట్టుకుని పోయాడు. మైళ్లు పోయాడు. ఇసుక అయిపోయి భేరీలు మొదలయ్యే చోట, ఆ చేపల చెరువుల గట్టు మీద, నరసమ్మ నీళ్లకేసి చూస్తూ కూర్చుని ఉంది.

"ఏటే ఇక్కడ కూకున్నావు?"

"సముద్రం కోసం ఒచ్చినాను."

బైరాగి పడీ పడీ నవ్వాడు. అంతే కథ.

రోజుకు పది మాటలు మాట్లాడని మనిషి, ఈ ఒక్క కథకు మాత్రం లేచి నిలబడేవాడు. నరసమ్మ నడక నడిచి చూపేవాడు, చేతిని కళ్లకు అడ్డం పెట్టుకుని కెరటాల కోసం వెతికేవాడు. "ఇసక సూసినాది, సముద్రముంటాదనుకున్నాది! సేపల సెరువు కాడ కూకుని ఆటుపోట్ల కోసం సూస్తంది!" అంటూ పెళ్లిళ్లలో, బారసాలల్లో, యూనియన్ మీటింగు తర్వాత టీ దుకాణం దగ్గర ముప్పై ఒక్కేళ్లు చెప్పాడు. బెంగాలీ వాళ్లు నరసమ్మకు సముద్రం బౌది అని పేరు పెట్టేశారు.

విని నవ్వనివాడు ఒక్కడే. హాల్దార్ బాబు.

ఆయన భూగోళం చెప్పిన మాస్టరు, రిటైరయ్యాడు. నూట పన్నెండో నంబరు స్థలం ఆయనదే. ఇల్లు కట్టే తొందరేమీ లేదు. ఆదివారం బస్సు దిగి, మడతకుర్చీ, గొడుగు మోసుకుంటూ ఇసుకలో అరమైలు నడిచి వచ్చి, తన నాలుగు రాళ్ల మధ్య కూర్చునేవాడు. ఒళ్లో రంగుల బొమ్మల పుస్తకం. లోకంలో ఉన్న ఎడారులన్నీ అందులో ఉన్నాయి.

"కూర్చో బైరాగీ. ఇదీ ఒక ఎడారే, చిన్నది," అని పేజీ తిప్పేవాడు.

సహారా. ఒకదాని వెనక ఒకటిగా ఇసుక కొండలు, వాటి శిఖరం కత్తితో కోసినట్టు. బైరాగి చాలాసేపు చూసి, గాలి ఎడమ నుంచి వస్తోందన్నాడు. ఎలా తెలిసిందని బాబు అడిగాడు. గాలి వచ్చే పక్క ఏటవాలుగా ఉంటుంది, అవతలి పక్క నిట్టనిలువుగా జారిపోతుంది, ఇక్కడ డెబ్బై ఆరో నంబరు రాయి దగ్గర రోజూ అంతే కదా అన్నాడు బైరాగి. బాబు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. ముప్పై ఏళ్లు పాఠం చెప్పాను, ఒక్క పిల్లాడూ ఇలా చెప్పలేదన్నాడు. ఆ రోజు నుంచి పేజీలు తిప్పే పని బైరాగికే ఇచ్చాడు.

గోబీలో ఇసుక మీద మంచు పడుతుంది, రెండు మూపురాల ఒంటె దాన్ని నాకుతుంది. అటకామాలో పుట్టిన పిల్ల వాన చూడకుండానే పెద్దదవుతుంది, ఎప్పుడో ఓ ఏడు నాలుగు చినుకులు రాలితే నేలంతా ఊదారంగు పూలు. అమెరికాలో ఒక చోట ఇసుక ఉప్పంత తెలుపు, ఎండలో కూడా కాలు కాలదట. మన థార్‌లో జైసల్మేర్ రాళ్లు పసుపు కొమ్ముల రంగు, ఆ ఊరి అవతల దిబ్బల మీద పొద్దు దిగుతుంటే ఆడవాళ్లు నీళ్లకుండలతో బారులు తీరి పోతారు. "వీటిల్లో నీ వల్ల అయ్యేది ఇదొక్కటే. రైలు పోతుంది. పెళ్లాన్ని తీసుకుపో," అన్నాడు బాబు.

నరసమ్మ మజ్జిగ తెచ్చి ఇచ్చి దూరంగా నిలబడేది. ఆమె కథ విన్నరోజున బాబు నవ్వకుండా పుస్తకంలో వెతికి ఒక పేజీ ఆమె వైపు తిప్పాడు. ఆఫ్రికాలో నమీబ్. ఎర్రటి ఇసుక కొండలు వరసగా వచ్చి వచ్చి, తిన్నగా సముద్రంలోకి దిగిపోతున్నాయి. మధ్యలో చెట్టు లేదు, గుడిసె లేదు. ఎడారి, దానికి ఆనుకుని కెరటం.

"నువ్వు వెతికిన చోటు ఉందమ్మా. దూరం, అంతే."

నరసమ్మ కొంగుతో చేతులు తుడుచుకుని ఆ పేజీ పట్టుకుంది. పక్కన పెట్టిన మజ్జిగ గ్లాసులో సగం ఇసుక పడేదాకా వదల్లేదు.

ఎనభై నాలుగులో బాబు కొడుకు నూట పన్నెండులో పునాది తవ్వించాడు. ఆ రోజు బాబు మడతకుర్చీ తెచ్చుకోలేదు. పుస్తకం బైరాగి చేతిలో పెట్టి, "ఇక్కడ నాకు పని అయిపోయింది," అన్నాడు. పుస్తకం బెంగాలీలో ఉంది, బైరాగికి చదవడం రాదు. బొమ్మలు మాత్రం నోటికి వచ్చు. మేడలు లేచిన కొద్దీ, ఇసుక తగ్గిన కొద్దీ, ఆ పుస్తకాన్ని ప్లాస్టిక్ సంచిలో చుట్టి ట్రంకుపెట్టె అడుక్కి తోస్తూ వచ్చాడు.

శనివారం మధ్యాహ్నం దాన్ని బయటికి తీశాడు. నరసమ్మ పీట మీద కూర్చుని రొయ్యలు ఒలుస్తోంది. మర్నాడు ఆమె తమ్ముడు పోలిరాజు ఖిదిర్‌పూర్ నుంచి కూతురినీ కొత్త అల్లుడినీ తీసుకుని భోజనానికి వస్తున్నాడు. బైరాగి పుస్తకం తెరిచి ఆమె ముందు పెట్టాడు. జైసల్మేర్ పేజీ. పక్కనే దరఖాస్తు.

"ఎందుకు ఒల్లవో సెప్పు. సెప్పీసి మానీ."

నరసమ్మ మరో నాలుగు రొయ్యలు ఒలిచింది.

"రైల్లో రెండు రోజులు. పక్కనోలు ఎక్కడికి ఎల్తన్నారని అడుగుతారు. ఎడారికంటావు. ఎంటనే లెగిసి నిలబడి ఆ కత సెప్తావు. నాను కిటికీలోకి సూస్తా కూకోవాల."

"నవ్వులాటకి కాదేటి?"

"నీకు నవ్వులాట." ఆమె చేతులు ఆగాయి. "మావా, నాను రేవులో పుట్టినాను. మా అమ్మ నన్ను ఇసకలో దొర్లించి పెంచినాది. సముద్రపిసక ఏదో, నది ఇసక ఏదో నాకు తెల్దా? మొదటి రోజే సూసినాను. అన్నీ నత్తగుల్లలే, ఒక్క ఆల్చిప్ప నేదు. గాల్లో ఉప్పు నేదు. సముద్రం అక్కడెక్కడా నేదని నాకు తెలుసు."

బైరాగి తెల్లబోయి చూశాడు. "మరి ఎందుకెల్లినావు?"

"ఎల్లిపోదామని." ఆమె చాలా మామూలుగా అంది. "ఎంత దూరమైనా నడిస్తే ఏదో ఒకనాడు సముద్రం తగలకపోదు. తగిలితే నీటిని ఎడం సేతి పక్కనెట్టుకుని నడుసుకుంటా పోతే మా ఊరొచ్చెస్తాది. దారెవుల్నీ అడగక్కర్లేదు. బాస రాని దాన్ని, ఎవుల్నడుగుతాను?"

బైరాగి దరఖాస్తు మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"కొట్టినానా నిన్ను?"

"నేదు. తిట్టనూ నేదు. మాటాడనే నేదు. పొద్దున్న 'ఎల్తన్నా' అనీవోడివి, మాపటికి 'అన్నమెట్టు' అనీవోడివి. ఆ రాళ్లకాడ నువ్వు గొణుక్కోడం ఇన్నాను. రాళ్లతో మాటాడతావు, నాతో నేదు. మూడు నెల్లు సూసినాను."

బైరాగి పుస్తకం మూశాడు. ఒకటే అడిగాడు: "మరి ఎనక్కి ఎందుకొచ్చినావు?"

నరసమ్మ రొయ్యల గిన్నె పక్కకు జరిపింది.

"నువ్వు నవ్వుకుంటా ముందు నడిసినావు. నాను ఎనకాల. ఆ రోజు గాలి నేదు. నేల సూసుకుంటా నడిసినాను. నానెల్లిన అడుగులు ఎల్లినట్టే ఉన్నాయి. ఒక్కటి సెరగనేదు. పక్కన నీ అడుగులు. మొదట్నించీ సివరిదాకా, నా అడుగు తొక్కకుండా, జానెడు ఎడం పెట్టి పక్కపక్కనే ఒచ్చినావు. సూస్తే ఇద్దరు మనుసులు కలిసి ఎల్లినట్టున్నాది. నానొంటిగా ఎల్లనేదన్నట్టు." ఆమె గిన్నె అందుకుని లేచింది. "అది సూసి ఉండిపోనాను. నువ్వు మాత్రం ఒట్టి నవ్వే దాసుకున్నావు."

అది పని అలవాటని, సాక్ష్యం చెరగకూడదని ఓవర్సీరు చెప్పాడని చెప్పబోయిన మాట బైరాగి నాలుక చివర దాకా వచ్చింది. మింగేశాడు. నమీబ్ పేజీ తీశాడు. ఎర్రటి కొండల కింద తెల్లటి నురగ. ఎడం చేతి పక్క నీళ్లు. ముప్పై ఏళ్లుగా చూస్తున్న బొమ్మలో దారి ఒకటి ఉందని అతనికి అప్పుడే కనిపించింది.

ఆదివారం పదింటికల్లా పోలిరాజు గొంతు వీధి మొదట్లోనే వినిపించింది. డాకులో క్రేన్ల మధ్య అరిచీ అరిచీ అతని మామూలు మాటే కేక. వెంట కూతురు భానుమతి, అల్లుడు కామేష్. కామేష్‌ది హైదరాబాదు, సెక్టార్ ఫైవ్‌లో కంప్యూటర్ ఉద్యోగం. చెప్పులు వరసగా విడిచి, అందరికీ నమస్కారం పెట్టి, చాప మీద ఒద్దికగా కూర్చున్నాడు.

"ఏటి బావా, రిటైరైపోతన్నావంట! ఇంక రాళ్లెవులు కాస్తారు?" అన్నాడు పోలిరాజు.

"రాళ్లెక్కడున్నాయిరా ఇప్పుడు."

"సర్లే. అల్లుడుగారికి సముద్రం కత సెప్పు. అల్లుడుగారూ, ఇది ఇను. మా ఇంట్లో అడుగెట్టినోడు ఎవుడైనా ఈ కత ఇనాల. ఇనకపోతే పెల్లి సగమే అయినట్టు. లెగు బావా, లెగు!"

భానుమతి అప్పుడే నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. కామేష్ మర్యాదగా నవ్వడానికి సిద్ధమయ్యాడు. వంటింట్లో నరసమ్మ రోట్లో కొబ్బరి నూరుతోంది. ఆ చప్పుడు ఆగింది.

బైరాగి లేవలేదు. చొక్కా జేబులో దరఖాస్తు మడత గుచ్చుకుంటోంది. నిజం చెప్పేస్తే, పారిపోయిన పెళ్లాం అని రేపు ఖిదిర్‌పూర్ లైన్లన్నీ చెప్పుకుంటాయి. పాత కథ చెప్తే ఇక ఈ జన్మలో ఆమె అతని వెంట ఎక్కడికీ రాదు. అతను చాపలోంచి ఒక ఈనె లాగి, ముక్కలు తుంచాడు.

"ఆ కత నాను తప్పు సెప్పుకొచ్చినాన్రా," అన్నాడు.

"తప్పేటి?"

"సముద్రం కోసం ఎల్లినది మీ అక్క కాదు. నాను."

పోలిరాజు ముందుకు జరిగాడు.

"డాకులో పుట్టినోడిని. ఇసకంటే నాకేటి తెలుసు? ఇంత ఇసకుంటే అవతల సముద్రం ఉండకపోద్దా అనుకున్నాను. ఓ రోజు రాళ్లు ఒగ్గీసి నడిసెల్లిపోనాను. సేపల సెరువు కాడ కూకున్నాను." మాటలు ఒక్కొక్కటే, బరువు మోసినట్టు వచ్చాయి. నిలబడలేదు, నడక నడిచి చూపలేదు. "మీ అక్కే ఒచ్చి ఎనక్కి తీసుకొచ్చినాది."

పోలిరాజు తొడ చరిచి నవ్వాడు. "ఓరి నీ ఇల్లు బంగారం గానూ! ముప్పై ఏళ్లు మా అక్కని ఎర్రిదాన్ని సేసినావా? నాను నమ్మినాను! లైన్లో అందరికీ నానే సెప్పినాను! మా అమ్మకి కూడా సెప్పినాను కదరా బావా!"

"నువ్వు సెప్పినావా నేదా అని కాదు. ఎర్రిదాన్ని సేసినది నాను."

భానుమతి నవ్వు ఆపుకోలేక గోడకు ఆనుకుంది. కామేష్‌కు ఈ నవ్వుల్లో సగమే అర్థమైంది. అయినా వంటింటి వైపు తిరిగి మర్యాదగా అడిగాడు: "అంత ఇసుకలో పెదనాన్నగారిని ఎలా కనిపెట్టారండీ పెద్దమ్మగారూ?"

నరసమ్మ గుమ్మంలోకి వచ్చింది. చేతికి కొబ్బరి అంటుకుని ఉంది. బైరాగిని చూడలేదు, కుర్రాడినే చూస్తూ చెప్పింది.

"అడుగులున్నాయి కదా బాబూ. ఆటిని పట్టుకుని ఎల్లినాను. తొక్కకుండా, పక్కనే నడిసి."

"మరి ఆయన ఏమన్నారు?"

"ఏటంటాడు? ఆయనకి మాటొచ్చా!"

ఈసారి నవ్విన వాళ్లలో నరసమ్మ గొంతు కూడా ఉంది. బైరాగి తల వంచుకుని, తుంచిన ఈనె ముక్కలు పోగు చేశాడు.

సాయంత్రం వాళ్లను బస్సెక్కించి వచ్చేసరికి నరసమ్మ గుమ్మంలో కూర్చుని ఉంది. చెయ్యి చాపింది. అతను దరఖాస్తు, కలం ఇచ్చాడు. కాగితాన్ని గడప మీద పరిచి, నాలుక మడతపెట్టి, అక్షరం తర్వాత అక్షరం పేరు దిద్దింది. చివరి అక్షరం గీత దాటి కిందకు జారింది.

"కోతిటోపీ ఎట్టుకోను," అంది.

"ఎట్టుకోకు."

"ఒంటెక్కను."

"ఎక్కకు."

"ఇంకోటి. బండిలో రెండు రోజులు నువ్వు మాటాడాల. కిటికీలోంచి సూస్తా కూకున్నావా, ఏ స్టేషన్లో ఆగితే ఆ స్టేషన్లో దిగిపోతాను. ఎనకాల అడుగులు కూడా దొరకవు, అది ప్లాట్‌ఫారం."

బైరాగి ఆమె పక్కన గడప మీద కూర్చున్నాడు. ఎదురు మేడల్లో దీపాలు వెలుగుతున్నాయి.

"ఏటి మాటాడాల?"

"ఏదైనా. ఆ రాళ్లకాడ ఏటి గొణుక్కునీవోడివో అదే సెప్పు."

అతను గడప మీద పేరుకున్న దుమ్మును చేత్తో తుడిచాడు.

"డెబ్బై ఆరు అని ఓ రాయుండీది," అని మొదలుపెట్టాడు. "దాన్ని ఎన్నిసార్లు తుడిసినా..."